పాత అంబాసిడరు ఇంజను: వేయవ వంతు అంగుళపు విద్య

పశ్చిమ బెంగాలునందలి ఉత్తరపాడా కర్మాగారములో 1957లో పుట్టి, అర్ధ శతాబ్దికి మించిన కాలము కలెక్టరును, పెండ్లికొడుకును, మంత్రిని, ఆసుపత్రికి పోవు గర్భిణిని ఒకే రీతిగా మోసి, 2014 మే నెలలో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కారు నేడు మన ఊళ్లలో ఎక్కువగా కనబడు చోటు రహదారి కాదు, పెరటి రేకుల షెడ్డు. తాతగారు కొన్న బండియని అమ్ముటకు మనసొప్పక, నడుపుటకు ధైర్యము చాలక, ఇంటివారు దానిపై ఒక పట్టా కప్పి ఊరకుందురు. అట్టి బండి బానెట్టు ఎత్తి, ఇంజనును బయటికి తీసి, విప్పి, కొలిచి, మరల కూర్చి నడిపించుట ఓపిక గల గృహస్థునకు సాధ్యమేనా అని అడుగువారు పలువురు. సాధ్యమే అని నా నిశ్చితాభిప్రాయము. అయితే ఆ పనికి పూనుకొనువారిలో అధికులు రంగుతోను మెరుగుతోను ఆరంభించి, వానితోనే తృప్తిపడి, అసలు విషయమును విస్మరించుట చూచుచున్నాము. ఇంజను ఆయువు దాని భాగములలో కంటె ఆ భాగముల నడుమ నున్న ఎడములలో ఎక్కువగా నిలిచియున్నది. పిస్టనునకు గోడకు నడుమ ఎడము, క్రాంకు షాఫ్టునకు బేరింగునకు నడుమ ఎడము, రాకరునకు వాల్వు కాడకు నడుమ ఎడము, ప్లగ్గు కొనల నడుమ ఎడము: వీనినన్నిటిని నిర్మాతలు నిర్ణయించిన కొలతకు మరల తెచ్చుటయే పునరుద్ధరణము. ఆ కొలతను మెకానిక్కులు ‘థౌ’లలో చెప్పుదురు. అంగుళమును వేయి భాగములు చేసిన అందొక భాగము ఒక థౌ. మన తల వెండ్రుక మందము రమారమి మూడు థౌలుండును.

ఈ ఇంజను వంశము నెరిగియుండుట పనికి వచ్చును. ఇంగ్లండులో ఆస్టిన్, మారిస్ సంస్థలు 1952లో ఏకమై బ్రిటిష్ మోటార్ కార్పొరేషనుగా ఏర్పడిన పిమ్మట ఆ సంస్థ కార్లకు ఆధారమైనది బి-సిరీస్ అను నాలుగు సిలిండర్ల ఇంజను. అంబాసిడరు మొదట 1476 ఘన సెంటీమీటర్ల సైడు వాల్వు ఇంజనుతో వెలువడినను, కొలది కాలమునకే ఆ స్థానమున 1489 ఘన సెంటీమీటర్ల ఈ బి-సిరీస్ వచ్చి దశాబ్దములపాటు సాగినది. సిలిండరు వ్యాసము 73.025 మిల్లీమీటర్లు, పిస్టను ప్రయాణము 88.9 మిల్లీమీటర్లు, అనగా సరిగా మూడున్నర అంగుళములు. వాల్వులు పైన హెడ్డులో నుండును. వానిని ప్రక్కనున్న క్యాం షాఫ్టు పొడవైన పుష్‌రాడ్లతో, వాని పైనున్న రాకర్లతో కదలించును. క్రాంకు షాఫ్టునకు ప్రధాన బేరింగులు మూడు మాత్రమే. ఇదే కొలతల ఇంజను రెండు కార్బురేటర్లతో 1955లో ఎం.జి.ఎ. అను స్పోర్ట్సు కారు నందును అమర్చబడెను. మన గ్రామసీమల మట్టి బాటలయందు నెమ్మదిగా నడచిన ఇంజనునకును, ఇంగ్లండు పందెపు బాటలయందు పరుగెత్తిన ఇంజనునకును మూలము ఒక్కటే యగుట వలన దాని భాగములు, కొలతల పట్టికలు, మరమ్మతు గ్రంథములు నేటికిని లభించుచున్నవి. బ్లాకును హెడ్డును పోత ఇనుముతో చేయుట మరియొక మేలు. అల్యూమినియము హెడ్డువలె అది వేడికి తొందరగా వంగదు, కొంత అజ్ఞానమును సహించును. అయితే పని మొదలిడుటకు ముందు బానెట్టు క్రింద ఉన్నది నిజముగా ఆ ఇంజనేనా అని చూచుకొనవలెను. 1990ల నుండి కొన్ని బండ్లు 1817 ఘన సెంటీమీటర్ల ఇసుజు ఇంజనుతో వచ్చినవి. పెట్రోలు ధరకు వెరచి పెట్రోలింజను తీసివేసి డీజిలింజను పెట్టించుకొన్న యజమానులును తక్కువమంది కారు.

చిరకాలము నిలిచియున్న ఇంజనును చూచుటతోడనే కొత్త బ్యాటరీ తగిలించి సెల్ఫు కొట్టుట మిక్కిలి కీడు. పిస్టను రింగులు త్రుప్పుచేత గోడకు పట్టుకొనియుండవచ్చును. బలవంతముగా త్రిప్పినచో రింగులు విరిగి గోడను గీరును. మొదట నాలుగు ప్లగ్గులను విప్పి, ఒక్కొక్క రంధ్రములో కొంచెము పలుచని నూనెయో డీజిలుతో కలిపిన ఇంజనాయిలో పోసి, కొన్ని దినములు నాననిచ్చి, పిదప హాండిలుతో చేతిమీద మెల్లగా ముందుకు వెనుకకు కదిపి చూడవలెను. ఇంజను స్వేచ్ఛగా తిరిగిన పిమ్మట, విప్పుటకు ముందే, కంప్రెషను పరీక్ష చేయుట తప్పనిసరి. ఒక్కొక్క ప్లగ్గు రంధ్రమునకు గేజి తగిలించి, త్రాటిలు పూర్తిగా తెరచి, సెల్ఫుతో త్రిప్పి, నాలుగు అంకెలు వ్రాసికొనుడు. అంకెల పరిమాణము కంటె వాని నడుమ భేదము ముఖ్యము. ఒక సిలిండరు మిగిలిన వానికంటె పదింట ఒక వంతునకు మించి తగ్గియున్నచో అనుమానింపవలెను. అపుడు ఆ రంధ్రములో ఒక చెంచాడు ఇంజనాయిలు పోసి మరల పరీక్షింపుడు. నూనె పిస్టను అంచున చేరి రింగుల సందును తాత్కాలికముగా మూయును గనుక అంకె పెరిగినచో దోషము రింగులది లేక గోడది. పెరగనిచో వాల్వులది. నూనె వాల్వులను చేరజాలదు గదా! ఒక చెంచా నూనెతో ఇంజను ఏ అంతస్తులో రోగము దాగియున్నదో చెప్పుచున్న ఈ పరీక్షను నేను శాస్త్రీయ ఆలోచనకు చక్కని నిదర్శనముగా ఎంచుదును; ఒక కారణమును మాత్రము మార్చి ఫలితమును పరిశీలించుట యన్నది ప్రయోగశాలలో నేర్చు పాఠమే.

ఇంజనును బయటికి తీయుట బలమునకు సంబంధించిన పనియైనను జాగ్రత్తకు సంబంధించినదియే. మొదట బ్యాటరీ తీగ విప్పవలెను, పెట్రోలు ట్యాంకు గొట్టము మూయవలెను, నీరు, నూనె ఒంపవలెను, రేడియేటరు తీయవలెను. నలుగురు పూనిక పట్టి ఎత్తవలసిన ఆ బరువును బలమైన దూలమునకో ఇనుప చట్రమునకో కట్టిన చైనుబ్లాకుతో ఎత్తవలెనేగాని తాళ్లతో సాహసింపరాదు. వ్రేలాడుచున్న ఇంజను క్రింద చేయియైనను ఉంచరాదు. పాత క్లచ్చి ప్లేటులోను గాస్కెట్లలోను ఆస్బెస్టాసు ఉండుట అప్పటి వాడుక. ఆ పొడి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము గావున గాలి కొట్టి దులుపక, తడిపి తుడిచి, ఆ గుడ్డను మూటగట్టి పారవేయవలెను.

విప్పిన ప్రతి వస్తువునకును చీటీ కట్టుట, విప్పుటకు ముందు ఫొటో తీసికొనుట చాలమంది చేయుదురు. అంతకంటె ముఖ్యమైనది కొన్ని భాగములు తమ పూర్వస్థానమునకే తిరిగి చేరవలెనను నియమము. ఒక అట్టపెట్టె మూతకు ఎనిమిది రంధ్రములు పొడిచి, ఒకటి నుండి ఎనిమిది వరకు అంకెలు వేసి, పుష్‌రాడ్లను వరుసగా గ్రుచ్చియుంచుడు. వాని క్రిందనుండు టాపెట్లను అదే వరుసలో ఉంచుడు. ప్రతి టాపెట్టును తన క్యాముతో లక్షల సార్లు రాసికొని ఆ జంటకు మాత్రమే సరిపడు ముఖమును సంపాదించుకొన్నది. ఒకదాని చోట మరియొకటి పెట్టిన రెండును కొలది కాలములో చెడును. బేరింగు క్యాపుల సంగతి ఇంకను కఠినము. వానిని బ్లాకునకు బిగించిన పిదపనే కర్మాగారములో రంధ్రము తొలిచిరి గనుక ఒక్కొక్క క్యాపు ఒక్కొక్క చోటికే, అదియు ఒకే దిశలోనే, సరిపడును.

హెడ్డు తీసిన పిమ్మట సిలిండరు గోడపై, కొంచెము లోపల, గోరు పెట్టి క్రిందినుండి పైకి జరుపుడు. పై అంచునకు కొద్ది దూరములో గోరు ఒక గట్టునకు తగిలి ఆగును. ఈ గట్టు ఇంజను జీవిత చరిత్రలో మొదటి అధ్యాయము. క్రాంకు నిమిషమునకు 3000 సార్లు తిరుగునపుడు పిస్టను సగటున సెకనుకు దాదాపు తొమ్మిది మీటర్లు పరుగెత్తును. అయినను అదే సెకనులో అది నూరుసార్లు పూర్తిగా ఆగును, ఏబది సార్లు పైకొన యందు, ఏబది సార్లు క్రిందికొన యందు. నూనె తన పొరను నిలుపుకొనుటకు వేగము అవసరము. కదలుచున్న తలము నూనెను సన్నని సందులోనికి ఈడ్చుకొనిపోయినపుడు పుట్టు ఒత్తిడియే రింగును గోడను తాకనీయక తేలించును. వేగము సున్న అయిన చోట ఆ ఒత్తిడి నశించి, పొర పలుచనై, లోహము లోహమును తాకును. పై కొన యందు ఈ దురవస్థకు మరి రెండు తోడగును: సరిగా ఆ క్షణముననే మిశ్రమము మండి, ఆ వాయువు రింగు వెనుకకు చొచ్చి దానిని గోడకు అదుమును, ఆ మంట వేడికి నూనె పలుచబడును, కొంత కాలిపోవును. కావున పై రింగు ఆగు చోట అరుగుదల అత్యధికము. రింగు చేరని పై అంచు మాత్రము అరుగక గట్టుగా మిగులును. పిస్టనును పైకి లాగుటకు ముందే ఈ గట్టును ప్రత్యేకమైన పనిముట్టుతో గీకివేయవలెను. లేనిచో రింగు దానికి తగిలి పిస్టను గాడి విరుగును.

అరుగుదల అన్ని దిక్కుల సమానముగా నుండదనుట మరియొక విశేషము. మంట పిస్టనును క్రిందికి త్రోయునపుడు కనెక్టింగు రాడ్డు నిటారుగా నుండదు, ఒక ప్రక్కకు వాలియుండును. అందుచేత ఆ బలములో కొంత భాగము పిస్టనును గోడ ఒక వైపునకు నెట్టును. ఆ వైపు గోడ ఎక్కువగా అరిగి, గుండ్రని రంధ్రము కొంత అండాకారము దాల్చును. అందువలన కొలుచువారు ఒక చోట కొలిచి ఊరకుండక, పైన, నడుమ, క్రింద, ఒక్కొక్క చోట రెండు అడ్డు దిక్కులందు, అనగా ఒక్కొక్క సిలిండరునకు ఆరు కొలతలు తీయవలెను. నాలుగు సిలిండర్లకు ఇరువదినాలుగు అంకెలగును. వానిని పట్టికగా వ్రాసినచో ఆ ఇంజను ఎట్లు నడచినదో, ఏ సిలిండరు నూనెకు మొగము వాచినదో కన్నుల ఎదుట నిలుచును. అరుగుదల స్వల్పమైనచో కొత్త రింగులు చాలును. ఎనిమిది పది థౌలు దాటినచో రీబోరు, అనగా సిలిండరును పెద్ద కొలతకు తొలుచుట, తప్పదు.

రీబోరు ఇంటిలో చేయదగిన పని కాదు. విజయవాడ ఆటోనగరులోనేమి, హైదరాబాదులోనేమి, ఏ పెద్ద పట్టణములోనైనను బోరింగు యంత్రముగల పనివారున్నారు. వారియొద్దకు పోవువాడు పిస్టన్లను ముందుగా కొని తీసికొనిపోవలెను. ఇరువది థౌలో, ముప్పది థౌలో పెద్దవియైన పిస్టన్లు అని పెట్టెమీద వ్రాసియున్నను, వాని నిజమైన వ్యాసము మైక్రోమీటరు చెప్పునదే. అనుభవజ్ఞుడైన పనివాడు ఒక్కొక్క పిస్టనును కొలిచి, దానికి ఉండవలసిన ఎడమును కూడి, ఆ సిలిండరును ఆ కొలతకే తొలుచును. పిస్టన్లు చూపకయే తొలిచిపెట్టెదనను వానికి బ్లాకు ఇవ్వకుడని నా సలహా. తొలిచిన గోడ అద్దమువలె నునుపుగా నుండవలెనని పలువురు భ్రమింతురు, అట్లుండరాదు. చివర హోనింగు రాళ్లతో దానిపై ఒకదాని నొకటి ఖండించు సన్నని గీతల అల్లికను కావలెనని కల్పింతురు. ఆ గీతల లోయలలో నూనె నిలిచియుండును. వాని శిఖరములపై కొత్త రింగు కొంచెము రాసికొని గోడకు ఒదుగును. మరీ నున్నని గోడపై రింగులు ఎన్నటికిని ఒదుగక ఇంజను నూనె త్రాగుచునే యుండును. హోనింగు చేసిన గోడను పెట్రోలుతో తుడుచుట చాలదు. వేడినీరు, సబ్బు, బ్రష్షుతో రుద్ది, తెల్లని గుడ్డకు మసి అంటనంతవరకు కడిగి, వెంటనే నూనె రాయవలెను. ఆ గీతలలో చిక్కిన రాతిపొడి క్రొత్త రింగులను కొలది దినములలో పాతవానిగా చేయగలదు.

క్రాంకు షాఫ్టు నందలి ప్రధాన జర్నలు, అనగా ప్రధాన బేరింగులో తిరుగు భాగము, వ్యాసము రెండంగుళములు. వ్యాసమున ఒక్కొక్క అంగుళమునకు ఒక థౌ చొప్పున నూనెకు ఎడముండవలెనను స్థూలమైన సూత్రమొకటి వాడుకలోనున్నది. తక్కువైనచో నూనె చొరదు, ఎక్కువైనచో నూనె ప్రక్కలకు కారిపోయి ఒత్తిడి నిలువదు. మూసిన క్యాపు లోపల ఇంత సన్నని సందును కొలుచుటెట్లు? ప్లాస్టిగేజి అను మెత్తని ప్లాస్టికు దారమొకటి దొరకును. ఆ దారపు ముక్కను పొడిగా తుడిచిన జర్నలుపై నిలువున పరచి, క్యాపును నిర్ణీతమైన బిగువుతో బిగించి, క్రాంకును ఏమాత్రము కదల్పక మరల విప్పినచో దారము నలిగి వెడల్పగును. ఎడము ఎంత తక్కువో వెడల్పు అంత ఎక్కువ. దారముతోపాటు వచ్చు కాగితముపై ముద్రించిన గీతలతో ఆ వెడల్పును పోల్చిన ఎడము థౌలలో తెలియును. ద్రవ్యము నలిగినను దాని ఘనపరిమాణము మారదను సూత్రముపై ఆధారపడిన ఇంత చౌకయైన, ఇంత సూక్ష్మమైన కొలత సాధనము మరియొకటి లేదని చెప్పవచ్చును.

ఇక హెడ్డు. ఎగ్జాస్టు వాల్వు ఇంజనులో అత్యంత దుర్భరమైన జీవితము గడుపు భాగము. మంట దానిని తాకుచు పోవును, దాని వేడిలో అధికభాగము అది తన పీఠముపై కూర్చున్న కొద్ది క్షణములలో ఆ పీఠము ద్వారానే హెడ్డులోనికి, నీటిలోనికి పోవలెను. వేడికి వాల్వు కాడ సాగును. సాగుటకు చోటుండవలెనని రాకరునకు కాడ కొనకు నడుమ 15 థౌల ఎడము విడుతురు. ఎడము ఎక్కువైనచో టకటక శబ్దమగును. తక్కువైనచో శబ్దము లేకుండ వాల్వు పీఠముపై పూర్తిగా కూర్చుండక, వేడి పోవు త్రోవ లేక, అంచు కాలిపోవును. నిశ్శబ్దమైన టాపెట్లను మెచ్చుకొని 15 థౌలను పదికి తగ్గించు మెకానిక్కు యజమానికి మేలు చేయుట లేదు.

ఈ పీఠములకు సంబంధించి ఒక చరిత్ర కలదు. అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ 1921లో పెట్రోలునందు టెట్రా ఇథైల్ లెడ్డు కలిపినచో ఇంజను నాక్కు శబ్దము మానునని కనుగొనెను. ఆ సీసపు లవణములు వాల్వు పీఠములపై పలుచని పూతగా ఏర్పడి, కాలుచున్న వాల్వు పీఠమునకు అతుకుకొనకుండ కాపాడుట అనుకోని లాభము. బి-సిరీస్ పీఠములను హెడ్డు పోత ఇనుముననే చెక్కుటకు ఆ ధైర్యమే కారణము. సీసము పిల్లల మెదడునకు విషమని తేలి, 2000 ఫిబ్రవరి నుండి మన దేశమంతట సీసము లేని పెట్రోలే అమ్మబడుచున్నది; అది జరుగవలసిన మంచి పనియే. కాని పూత లేనపుడు ఎక్కువ వేగమున ఎక్కువ కాలము నడచు ఇంజనులో వాల్వు పీఠమునుండి సూక్ష్మమైన ఇనుప రేణువులను పెకలించుచు క్రమముగా హెడ్డులోనికి దిగబడును. దిగబడిన కొలది కాడ కొన పైకి లేచి రాకరును సమీపించును, ఎడము తానంతట తగ్గును. టాపెట్లు సరిచేసిన కొలది దినములకే మరల ఎడము తగ్గుచున్న బండి ఉన్నచో కారణమిదియే. దీనికి మందు హెడ్డులో గట్టి ఉక్కు పీఠములు కుదుర్చుట. హెడ్డు ఎట్లును విప్పియున్నది గావున ఈ వ్యయమునకు వెనుదీయరాదు.

టాపెట్లు సరిచేయుటలో పాత మెకానిక్కులకు తెలిసిన తొమ్మిది లెక్క ముచ్చటైనది. వాల్వులకు ముందునుండి వెనుకకు ఒకటి నుండి ఎనిమిది వరకు అంకెలనుకొనుడు. ఏ వాల్వు పూర్తిగా తెరచుకొని స్ప్రింగు బాగుగా నొక్కుకొనియున్నదో, దాని అంకెను తొమ్మిదినుండి తీసివేసిన వచ్చు అంకె గల వాల్వును సరిచేయుడు. ఒకటవది తెరచియున్న ఎనిమిదవది, మూడవది తెరచియున్న ఆరవది. కారణమేమనగా క్రాంకుపై ఒకటవ పిస్టనును నాలుగవదియు జంటగా, రెండవదియు మూడవదియు జంటగా లేచి దిగును; జంటలోని ఒకదానికి మరియొకటి క్రాంకు పూర్తి చుట్టు ఒకటి వెనుకబడియుండును. క్యాం షాఫ్టు క్రాంకులో సగము వేగమున తిరుగును గనుక ఆ చుట్టు క్యామునకు అర చుట్టే. కావున ఒక వాల్వు క్రింద క్యాము మూపు పైకి నిలిచినపుడు జంట వాల్వు క్రింద క్యాము వీపు, అనగా ఏమాత్రము నొక్కని భాగము, వచ్చియుండును. వాల్వుల వరుస ముందు వెనుకల సమరూపమున నుండుటచే ఆ రెండింటి అంకెల మొత్తము ఎల్లపుడు తొమ్మిదియే. 1-3-4-2 అను ప్రజ్వలన క్రమము తెలియని కుర్రవాడైనను ఈ లెక్కతో తప్పు చేయడు.

బ్లాకు చుట్టు నీటి గదులలో పేరుకొన్న పొరను చూచి ఆశ్చర్యపడువారు మన బోరుబావుల నీటిని తలచుకొనవలెను. తెలంగాణములోను రాయలసీమలోను పెక్కుచోట్ల భూజలము కఠినజలము. వేడికి దానినుండి కాల్షియం కార్బొనేటు విడివడి గోడలకు అంటుకొనును. అది వేడిని ఇనుముకంటె పలు రెట్లు తక్కువగా ప్రసరింపజేయును. బ్లాకు వెనుక భాగమున, నాలుగవ సిలిండరు చుట్టు, త్రుప్పు బురద పేరుకొనును. బ్లాకు ప్రక్కనున్న కుళాయి విప్పినను నీరు రానిచో తీగతో పొడిచి చూడుడు. చిన్న బిళ్లలవంటి కోరుప్లగ్గులను తీసి, నిమ్మ ఉప్పు ద్రావణముతో కడిగి, కొత్త బిళ్లలు వేయవలెను. మన దేశపు వేడికి థర్మోస్టాటు అక్కరలేదని దానిని తీసివేయు ఆచారము మిక్కిలి వ్యాపించినది. నా దృష్టిలో అది తప్పు. థర్మోస్టాటు లేని ఇంజను చాలసేపు చల్లగా నడచుటచే మండిన పెట్రోలులో పుట్టు నీటి ఆవిరి లోపలనే ద్రవించి నూనెను చెరచును. ఆవిరి కాని పెట్రోలు గోడలపై నూనెను కడిగివేయును. మరగు ఇంజనునకు మందు శుభ్రమైన రేడియేటరు, శుభ్రమైన నీటి గదులు.

ఇంజను లేని ఖాళీ గది శుభ్రము చేయుటకు అనుకూలమైన సమయమిది, మరల రాదు. జిడ్డును తొలగించి, త్రుప్పు పొరలను బ్రష్షుతో రాల్చి, మిగిలిన మచ్చలకు ఫాస్ఫారికామ్లము గల ద్రావణము పూసినచో త్రుప్పు నల్లని ఫాస్ఫేటుగా మారి నిలుచును. దానిపై జింకు ప్రైమరు, పిదప రంగు. చిన్న బ్రాకెట్లకు, బోల్టులకు విద్యుద్విశ్లేషణము ఉత్తమము: ప్లాస్టికు బక్కెట్లో చాకలిసోడా కలిపిన నీరు పోసి, వస్తువును బ్యాటరీ ఛార్జరు ఋణధ్రువమునకు, పనికిరాని ఇనుప రేకును ధనధ్రువమునకు తగిలించి, రెండును తాకకుండ ముంచినచో రాత్రి గడచునప్పటికి త్రుప్పు నల్లని మసియై వదలును. మంచి లోహము కరగదనుటయే దీని గొప్ప. హైడ్రోజను పుట్టును గనుక ఆరుబయట చేయవలెను. స్టెయిన్‌లెస్ స్టీలు రేకును వాడినచో విషమైన క్రోమియము లవణములేర్పడును గావున దానిని ముట్టరాదు. కార్బురేటరువంటి అల్యూమినియము, జింకు మిశ్రలోహ భాగములను క్షారము తినివేయును. స్ప్రింగులు హైడ్రోజనును పీల్చి పెళుసగును. ఈ రెండు జాతులను బక్కెట్లో వేయవలదు. రంగు వేయుటలో ఒక్క జాగ్రత్త: బ్యాటరీ ఎర్తు పట్టీ, ఇంజను ఎర్తు పట్టీ బిగియు చోట్ల రంగు గీకి మెరయు లోహమును చూపవలెను. రంగు విద్యుత్తును పోనీయదు. అందముగా పెయింటు వేసిన పిదప సెల్ఫు నీరసముగా తిరుగు బండ్లలో పెక్కింటి రహస్యము ఇంతే.

ఎస్.యు. కార్బురేటరును గూర్చి ప్రేమతో వ్రాయవలసి వచ్చును. పాదరక్షల వర్తకుల కుటుంబమునకు చెందిన స్కిన్నరు సోదరులు ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో దీనిని కనిపెట్టిరి. తొలి నమూనాలలో తోలు తిత్తి ఉండుట ఆ వృత్తి చలవయే. ఇంజను ఎంత గాలి పీల్చిన అంత పైకి లేచు ఒక పిస్టను, దాని కొననుండి క్రింది జెట్టులోనికి దిగియున్న కోసుగానున్న సూది, ఇంతే దాని యంత్రము. పిస్టను లేచిన కొలది గాలి దారియు పెట్రోలు దారియు కలిసి పెరుగును. మిశ్రమమును పరీక్షించుటకు వేడియెక్కిన ఇంజను నిలకడగా తిరుగుచుండగా ప్రక్కనున్న చిన్న పిన్నుతో పిస్టనును రవంత ఎత్తుడు. ఇంజను వేగము పెరిగి అట్లే నిలిచినచో పెట్రోలు హెచ్చు. తడబడి ఆగబోయినచో తక్కువ. ఒక్క క్షణము పెరిగి మరల పూర్వస్థితికి వచ్చినచో సరి. నేడు మన పెట్రోలులో ఇరువది శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలులో లీటరునకు శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే, అది తనలోనే ఆమ్లజనిని మోసికొనివచ్చును. పాత అమరికతో మిశ్రమము పలుచనై ఇంజను వేడెక్కును. కావున జెట్టును కొంచెము దించవలసియుండును. అది నీటిని పీల్చుకొనును, పాత రబ్బరును మెత్తపరచును. గొట్టములన్నిటిని ఇథనాలునకు ఓర్చు ఫ్లోరో రబ్బరు గొట్టములతో మార్చుట నిప్పు ప్రమాదమునుండి కాపాడు పని, దీనిలో పొదుపు పనికిరాదు.

కూర్చుట పూర్తియైన పిదప నూనె ఎంపిక. క్రొత్త కార్ల నూనెలలో పొగశుద్ధి పరికరము చెడకుండుటకై జింకు ఫాస్ఫరసు సమ్మేళనమును తగ్గించిరి. ఈ ఇంజనులోని చదునైన టాపెట్లకు, క్యాములకు ఆ సమ్మేళనమే రక్ష. జింకు అధికముగాగల 20డబ్ల్యు-50 నూనె వెదకి పోయవలెను. ప్లగ్గులు లేకుండ త్రిప్పి నూనె ఒత్తిడి కనబడిన పిమ్మటనే నిప్పు వెలిగింపుడు. కొత్త క్యాము వేసియున్నచో మొదటి ఇరువది నిమిషములు నిదానముగా ఆడనీయక నిమిషమునకు సుమారు రెండువేల చుట్లలో ఉంచవలెను. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువు వేయక, ఒకే వేగమున సాగక నడిపి, నూనె మార్చి, హెడ్డు బిగువును టాపెట్లను మరల చూడవలెను.

ఏబది సంవత్సరములు నిండి మూలరూపమున నిలిచియున్న వాహనములను వింటేజి వాహనములుగా నమోదు చేయుటకు కేంద్రప్రభుత్వము 2021లో నిబంధనలు చేసినది; 1970లకు పూర్వపు అంబాసిడర్లు ఆ వయస్సును దాటినవి. స్వస్థానమున నున్న మూల ఇంజనునకు ఇపుడు విలువ కలదు. కావున ఇట్టి బండి ఇంటనున్నవారికి నా విన్నపమొక్కటే: తూకమునకు ఇచ్చివేయుటకు ముందు నాలుగు ప్లగ్గులు విప్పించి, నూనె నానవేసి, కంప్రెషను చూపించుడు. బ్లాకు పగులక, క్రాంకు విరుగక యున్నంతవరకు ఆ ఇంజను తిరిగి నడుచును.